భారత సైనిక దౌత్యం

భారత సైనిక దౌత్యం అనగా భారతదేశపు సైనిక, నౌకా, వైమానిక దళాలు యుద్ధం చేయకుండా, ఇతర దేశాలతో స్నేహాన్ని, నమ్మకాన్ని పెంపొందించడానికి చేసే కార్యక్రమాల సముదాయం. దీనిని రక్షణ దౌత్యం అని కూడా వ్యవహరిస్తారు. శాంతి పరిరక్షణకు సేనలను పంపడం, విదేశీ అధికారులకు శిక్షణ ఇవ్వడం, సంయుక్త విన్యాసాలు, యుద్ధనౌకల స్నేహయాత్రలు, భూకంపాలు, తుఫానులు వంటి విపత్తులలో సహాయం, చిక్కుకుపోయిన పౌరులను తరలించడం మొదలైనవి ఇందులోకి వస్తాయి. ఈ వ్యాసంలో సైనిక దౌత్యం యొక్క పుట్టుపూర్వోత్తరాలు, సాధనాలు, అది ఫలించిన సందర్భాలు మరియు విఫలమైన సందర్భాలు వివరించబడినవి.

పదం – అర్థం

రాయబారి మాటతో పని చేస్తాడు, సైనికుడు ఆయుధంతో పని చేస్తాడు అని సాధారణంగా అనుకుంటాము. కాని చరిత్రలో ఈ రెండు పనులూ ఎన్నడూ పూర్తిగా వేరుగా లేవు. ఒక దేశపు యుద్ధనౌక మరొక దేశపు రేవులో లంగరు వేసినప్పుడు అది స్నేహసూచకం కావచ్చు, బెదిరింపు కూడా కావచ్చు. 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన అమెరికా తన విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌ను బంగాళాఖాతానికి పంపడం రెండవ రకానికి ఉదాహరణ. ఇటువంటి బెదిరింపును తుపాకీపడవ దౌత్యం అంటారు. 2004 డిసెంబరు సునామీ తరువాత అదే అమెరికా తన విమానవాహక నౌక అబ్రహాం లింకన్‌ను ఇండోనేషియాలోని ఆచే తీరానికి ఆహారం, మంచినీరు, మందులతో పంపింది. ఇది మొదటి రకానికి ఉదాహరణ. నౌక జాతి ఒకటే, దళం ఒకటే. మారినది ఉద్దేశం, ఆతిథ్య దేశపు అంగీకారం. సైనిక దౌత్యాన్ని అర్థం చేసుకోవడానికి ఈ భేదమే తాళంచెవి వంటిది.

భారత నౌకాదళం తన సిద్ధాంత గ్రంథంలో నౌకాదళానికి నాలుగు పాత్రలు ఉన్నవని పేర్కొన్నది. అవి యుద్ధ పాత్ర, దౌత్య పాత్ర, సముద్రంపై పోలీసు పాత్ర, పరోపకార పాత్ర. వీటిలో మొదటిది తప్ప మిగిలిన మూడూ శాంతికాలంలో నిత్యం జరిగే పనులే.

చారిత్రక నేపథ్యం

స్వాతంత్ర్యం వచ్చిన మూడేళ్ళకే భారత్‌కు ఈ విషయమై మొదటి పరీక్ష ఎదురైంది. 1950లో కొరియా యుద్ధం మొదలైనప్పుడు ఐక్యరాజ్య సమితి సభ్యదేశాలను సేనలు పంపమని కోరింది. భారత్ పోరాడే సేనను పంపలేదు. దానికి బదులు 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్యదళాన్ని లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో పంపింది. యుద్ధంలో పక్షం వహించకుండానే యుద్ధభూమిలో ఉండవచ్చునని ఈ నిర్ణయం చూపింది.

1953లో యుద్ధవిరామం జరిగిన తరువాత మరింత క్లిష్టమైన బాధ్యత మీద పడింది. తమ దేశాలకు తిరిగి వెళ్ళడానికి నిరాకరించిన 22 వేలకు పైగా చైనా, ఉత్తర కొరియా యుద్ధఖైదీల విషయం తేల్చడానికి తటస్థ దేశాల సంఘం ఏర్పడింది. దానికి జనరల్ కె.ఎస్. తిమ్మయ్య అధ్యక్షుడు. ఖైదీల కాపలాకు భారత సేన వెళ్ళింది. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ తమ నేలపై భారత సైనికుడు కాలు మోపరాదని పట్టుబట్టడంతో, సైనికులను రేవు నుండి హెలికాప్టర్లలో నేరుగా నిస్సైనిక ప్రాంతానికి చేర్చవలసి వచ్చింది. ఇరుపక్షాల అనుమానాల మధ్య భారత సేన ఆ పనిని పూర్తి చేసి 1954లో తిరిగి వచ్చింది.

అటుపిమ్మట 1956లో సూయెజ్ సంక్షోభం, 1960లో కాంగో మొదలుకొని ఐక్యరాజ్య సమితి శాంతి పరిరక్షణ కార్యక్రమాలలో భారత్ నిరంతరం పాల్గొంటున్నది. ఇప్పటి వరకు 2 లక్షల 90 వేలకు పైగా భారతీయులు ఈ కార్యక్రమాలలో పనిచేశారు. సమితి చరిత్రలో మొత్తం మీద అత్యధిక సంఖ్యలో శాంతిసైనికులను పంపిన దేశం భారతదేశమే. వారిలో సుమారు 180 మంది విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయారు. 1961లో కాంగోలో మరణించిన కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియాకు మరణానంతరం పరమవీర చక్ర లభించింది. 2007లో లైబీరియాకు భారత్ పంపిన పోలీసు దళం పూర్తిగా మహిళలతో కూడినది. శాంతి పరిరక్షణ చరిత్రలో అటువంటి దళం అదే మొదటిది.

సాధనాలు

సైనిక దౌత్యంలో ఉపయోగించే ముఖ్య సాధనాలు ఇవి:

శిక్షణ: తమిళనాడులోని వెల్లింగ్టన్‌లో గల రక్షణ సేవల సిబ్బంది కళాశాల, ఢిల్లీలో 1960లో స్థాపించబడిన జాతీయ రక్షణ కళాశాల మొదలైన సంస్థలలో అనేక దేశాల అధికారులు చదువుకుంటారు. నైజీరియాకు దేశాధినేతలైన ఒబసాంజో, బుహారీ ఇద్దరూ యువకులుగా ఉన్నప్పుడు వెల్లింగ్టన్‌లో చదివినవారే. శిక్షణకు అయ్యే ఖర్చు తక్కువ, ఫలితం ఆలస్యంగా వస్తుంది, కాని ఎక్కువ కాలం నిలుస్తుంది.

సంయుక్త విన్యాసాలు: 1992లో అమెరికాతో ప్రారంభమైన మలబార్ విన్యాసాలలో 2015 నుండి జపాన్ శాశ్వత భాగస్వామి. 2020 నుండి ఆస్ట్రేలియా కూడా పాల్గొంటున్నది.

సముద్ర సర్వేక్షణ: భారత సర్వే నౌకలు మారిషస్, సీషెల్స్ వంటి ద్వీప దేశాల చుట్టూ సముద్రపు లోతులను కొలిచి పటాలు తయారు చేసి ఇస్తాయి. ఇది పత్రికలలో పెద్దగా కనబడని పని. అయితే సరైన పటం లేని రేవుకు ఓడలు రావు కనుక, ఆ చిన్న దేశాలకు దీని విలువ చాలా ఎక్కువ.

నౌకల బహూకరణ: 2023 జూలైలో ఐఎన్ఎస్ కృపాణ్ అనే యుద్ధనౌకను భారత్ వియత్నాంకు బహూకరించింది.

సమావేశ వేదికలు: హిందూ మహాసముద్ర తీరదేశాల నౌకాదళాధిపతులు కలుసుకునే వేదిక 2008లో భారత్ చొరవతో ఢిల్లీలో ప్రారంభమైంది.

విశాఖపట్నం పాత్ర

తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖపట్నానికి ఈ విషయంలో ప్రత్యేక స్థానం ఉన్నది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయినది ఈ నగరపు తీరానికి సమీపంలోనే. ఆ తీరమే తరువాతి కాలంలో అనేక దేశాల నావికులకు ఆతిథ్యమిచ్చింది.

2016 ఫిబ్రవరి 6న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ విశాఖపట్నంలో అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిపారు. దానిలో సుమారు 50 దేశాల నౌకాదళాలు పాల్గొన్నాయి. అంతకుముందు ఇటువంటి సమీక్ష 2001లో ముంబైలో జరిగింది. 1995లో ఇండోనేషియా, సింగపూర్, శ్రీలంక, థాయిలాండ్ దేశాలతో పోర్ట్‌బ్లెయిర్‌లో (నేటి శ్రీవిజయపురం) చిన్నగా మొదలైన మిలన్ విన్యాసాలు 2022లో విశాఖపట్నానికి తరలి వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో ఇక్కడే జరిగిన మిలన్‌కు సుమారు 50 దేశాలు హాజరయ్యాయి. బయట ఒకదానితో ఒకటి తీవ్రంగా విభేదించుకుంటున్న అమెరికా, రష్యా, ఇరాన్ దేశాల నౌకలు అప్పుడు ఒకే విన్యాసానికి రావడం గమనించదగినది. రామకృష్ణా బీచ్‌లో జరిగిన నగర కవాతును పౌరులు పెద్దసంఖ్యలో తిలకించారు.

ప్రదర్శనల కంటె లోతైన పని కూడా ఈ నగరంలో జరుగుతున్నది. ఇక్కడి ఐఎన్ఎస్ శాతవాహనలో వియత్నాం నావికులకు జలాంతర్గాములను నడపడంలో శిక్షణ ఇచ్చారు. హిందూస్తాన్ షిప్‌యార్డులో మరమ్మతు చేసిన సింధువీర్ జలాంతర్గామిని 2020లో మయన్మార్ నౌకాదళానికి అందజేశారు. దీని గురించి మరల ముందు ప్రస్తావించబడుతుంది.

విపత్తు సహాయం

2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ భారత సైనిక దౌత్య చరిత్రలో ఒక మలుపు. ఆ ఉపద్రవంలో భారతదేశమే పదివేలమందికి పైగా ప్రజలను కోల్పోయింది. తమిళనాడు, అండమాన్ నికోబార్ దీవులు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఆంధ్రప్రదేశ్ తీరంలోనూ వందమందికి పైగా మరణించారు. అయినప్పటికీ భారత నౌకలు, హెలికాప్టర్లు స్వదేశంలో సహాయం చేస్తూనే శ్రీలంక, మాల్దీవులు, ఇండోనేషియాలకు కూడా వెళ్ళాయి. ఐఎన్ఎస్ జమున, ఐఎన్ఎస్ నిరూపక్ అనే సర్వే నౌకలను ఆసుపత్రి నౌకలుగా మార్చి పంపారు. తానే బాధితురాలై ఉండి ఇతరులకు సహాయం చేయగల దేశంగా భారత్‌కు గుర్తింపు వచ్చింది.

సహాయ కార్యక్రమాల సమన్వయం కోసం అప్పుడు అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, భారత్ కలసి ఒక బృందంగా ఏర్పడ్డాయి. ఈ నాలుగు దేశాలే 2007లో, మరల 2017లో క్వాడ్ పేరుతో సమావేశమయ్యాయి. అనగా నేడు చైనాను దృష్టిలో ఉంచుకొన్న కూటమిగా చెప్పబడే క్వాడ్ యొక్క బీజం ఒక సహాయ కార్యక్రమంలో ఉన్నది.

తరువాతి కాలంలో ఇటువంటి కార్యక్రమాలు అనేకం జరిగాయి. 2014 డిసెంబరులో మాల్దీవుల రాజధాని మాలేలో నీటి శుద్ధి కేంద్రం అగ్నిప్రమాదంలో దెబ్బతిన్నప్పుడు భారత విమానాలు, నౌకలు తాగునీటిని చేరవేశాయి. 2015లో యెమెన్ యుద్ధం నుండి 5,600 మందికి పైగా ప్రజలను భారత్ తరలించింది. వారిలో 41 దేశాలకు చెందిన సుమారు 960 మంది విదేశీయులున్నారు. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపం తరువాత అక్కడ ఆసుపత్రి నెలకొల్పినది 60 పారాచూట్ ఫీల్డ్ ఆసుపత్రి. 1950లో కొరియాకు వెళ్ళిన దళానికి ఇది వారసురాలు. 2025 మార్చి 28న మయన్మార్‌లో సంభవించిన భూకంపం తరువాత ఆపరేషన్ బ్రహ్మ పేరున విమానాలు, నౌకలు, మాండలేలో ఒక సైనిక వైద్యశాల ద్వారా సహాయం అందింది. 2025 నవంబరులో దిత్వా తుఫాను శ్రీలంకను ముంచెత్తినప్పుడు, అప్పటికే కొలంబోలో ఉన్న విమానవాహక నౌక విక్రాంత్ సహాయ సామగ్రిని అందించింది.

తెలుగువారికి ఈ విషయం దూరమైనది కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల నుండి లక్షలాది మంది గల్ఫ్ దేశాలలో పనిచేస్తున్నారు. పశ్చిమాసియాలో యుద్ధం వచ్చినప్పుడు వారిని ఇంటికి చేర్చగల సామర్థ్యం, ఆ ప్రాంతపు ప్రభుత్వాలతో ముందునుండి ఉన్న సత్సంబంధాల మీద ఆధారపడి ఉంటుంది. రేవులోకి అనుమతి లేనిదే నౌక ఎంత పెద్దదైనా తీరం వద్దకు రాలేదు.

సముద్రపు దొంగల అణచివేత

2008 అక్టోబరు నుండి ఏడెన్ సింధుశాఖలో భారత నౌకాదళం గస్తీ తిరుగుతున్నది. 2023 చివరినుండి ఎర్రసముద్రంలో వాణిజ్య నౌకలపై దాడులు పెరిగినప్పుడు ఈ గస్తీని విస్తరించారు. 2024 జనవరిలో క్షిపణి దాడికి గురై మంటలలో చిక్కుకున్న మార్లిన్ లువాండా అనే చమురునౌకకు ఐఎన్ఎస్ విశాఖపట్నం సిబ్బంది సహాయపడ్డారు. అదే నెలలో ఐఎన్ఎస్ సుమిత్ర, దొంగల చెరలో ఉన్న ఒక చేపలపడవ నుండి 19 మంది పాకిస్తానీ జాలరులను విడిపించింది. మార్చి నెలలో ఐఎన్ఎస్ కోల్‌కతా సుమారు 40 గంటల చర్య అనంతరం రుయెన్ అనే నౌకను స్వాధీనం చేసుకొని 17 మంది సిబ్బందిని కాపాడింది. 35 మంది దొంగలు లొంగిపోయారు. రెండు ప్రభుత్వాల మధ్య మాటలు కూడా సరిగా లేని కాలంలో ఒక దేశపు సైనికుడు మరొక దేశపు జాలరిని కాపాడటం సముద్ర ధర్మానికి మంచి ఉదాహరణ.

మూడు పొరుగుదేశాల అనుభవం

శ్రీలంక: 1987 జూలై 29న కుదిరిన భారత–శ్రీలంక ఒప్పందం ప్రకారం భారత శాంతిదళం శ్రీలంకకు వెళ్ళింది. తమిళ సాయుధ వర్గాల నుండి ఆయుధాలు సేకరించడం దాని పని. అయితే అక్టోబరు నాటికే అది ఎల్‌టీటీఈతో పూర్తిస్థాయి యుద్ధంగా మారింది. కాపాడటానికి వెళ్ళిన సేనను తమిళులూ అనుమానించారు, సింహళీయులూ వ్యతిరేకించారు. ఒప్పందం మరుసటి రోజునే కొలంబోలో గౌరవవందనం స్వీకరిస్తున్న ప్రధాని రాజీవ్ గాంధీపై ఒక శ్రీలంక నావికుడు తుపాకీ మడమతో దాడి చేశాడు. 1989లో అధ్యక్షుడు ప్రేమదాస సేనను వెనక్కి పిలుచుకోమని కోరాడు. 1990 మార్చిలో చివరి దళం తిరిగి వచ్చేసరికి సుమారు 1,200 మంది భారత సైనికులు మరణించారు. తిరిగివచ్చిన దళానికి చెన్నైలో జరిగిన స్వాగత కార్యక్రమానికి అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి హాజరు కాలేదు. 1991 మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది. ఈ గాయం మానడానికి దశాబ్దాలు పట్టింది. 2025 ఏప్రిల్‌లో మాత్రమే రెండు దేశాలు రక్షణ సహకార అవగాహన పత్రంపై సంతకాలు చేశాయి.

మాల్దీవులు: 1988 నవంబరు 3న కిరాయి సైనికులు అధ్యక్షుడు గయూమ్ ప్రభుత్వాన్ని కూలదోయడానికి ప్రయత్నించారు. ఆయన కోరికపై ఆగ్రా నుండి బయలుదేరిన భారత పారాచూట్ దళం అదే రాత్రి అక్కడికి చేరుకున్నది. పారిపోతున్న వారి నౌకను ఐఎన్ఎస్ గోదావరి, ఐఎన్ఎస్ బేత్వా సముద్రంలో అడ్డగించాయి. పని ముగిసిన తరువాత సేనలో అధికభాగం వెంటనే వెనుదిరిగింది. ఇంతటి మేలు జరిగినప్పటికీ, భారత్ ఇచ్చిన రెండు హెలికాప్టర్లు, ఒక డార్నియర్ విమానం నిర్వహణకు అక్కడ ఉన్న సుమారు 80 మంది సైనికుల ఉనికి 2023 ఎన్నికలలో పెద్ద వివాదమైంది. ఎన్నికైన అధ్యక్షుడు ముయిజ్జు కోరిన మీదట 2024 మే 10 నాటికి వారు తిరిగి వచ్చారు. వారి స్థానంలో భారత్ పౌర సాంకేతిక సిబ్బందిని పంపింది. రోగులను తరలించే విమానాలు ఆగలేదు. 2024 అక్టోబరులో ముయిజ్జు ఢిల్లీకి రావడం, 2025 జూలైలో ప్రధాని మోదీ మాల్దీవుల స్వాతంత్ర్య దినోత్సవానికి అతిథిగా వెళ్ళడం జరిగింది.

మయన్మార్: పైన పేర్కొన్న సింధువీర్ జలాంతర్గామి 2020లో ఆ దేశానికి చేరింది. 2021 ఫిబ్రవరి 1న అక్కడి సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని తొలగించి అధికారం చేజిక్కించుకున్నది. ఒక దేశపు సైన్యంతో స్నేహం చేసినంత మాత్రాన ఆ దేశ ప్రజలతో స్నేహం చేసినట్లు కాదనే చిక్కు ఇక్కడ బయటపడింది. సరిహద్దు భద్రత, చైనా ప్రభావం దృష్ట్యా మయన్మార్ సైన్యంతో సంబంధాలు తప్పవని ఒక వాదన. ప్రజలపై ఆయుధం ఎత్తిన సైన్యానికి దగ్గర కావడం దీర్ఘకాలంలో నష్టమని మరొక వాదన. రెండింటిలోనూ బలం ఉన్నది.

ఇతర దేశాల విధానం

సునామీ సహాయం అమెరికా పట్ల ఇండోనేషియా ప్రజల అభిప్రాయాన్ని మార్చినట్లు ప్యూ సంస్థ సర్వేలు తెలిపాయి. ఇరాక్ యుద్ధం జరిగిన 2003లో అమెరికాను సానుకూలంగా చూసినవారు 15 శాతం కాగా 2005లో 38 శాతానికి పెరిగారు. అయితే అప్పటికీ సగానికి చేరలేదు. సహాయం ఒక విధానంపై ఉన్న కోపాన్ని తగ్గించగలదు కాని తుడిచివేయలేదు.

చైనా పీస్ ఆర్క్ అనే ఆసుపత్రి నౌకను 2010 నుండి ఆసియా, ఆఫ్రికా దేశాలకు పంపుతున్నది. 2017లో జిబూటీలో సైనిక స్థావరం ఏర్పాటు చేసింది. 2022 ఆగస్టులో యువాన్ వాంగ్ 5 అనే చైనా నౌక శ్రీలంకలోని హంబన్‌టోటకు వచ్చినప్పుడు భారత్ ఆందోళన వ్యక్తం చేసింది. చిన్న దేశాలు ఇద్దరు పెద్ద పొరుగువారి మధ్య తమ స్వేచ్ఛను కాపాడుకోవడానికి ప్రయత్నిస్తున్నాయి. ఏదో ఒకరిని ఎంచుకోమని వారిని ఒత్తిడి చేసిన పక్షం నష్టపోవడమే ఇప్పటివరకు జరిగింది.

పరిమితులు

సైనిక దౌత్యం అన్ని తగవులనూ తీర్చలేదు. భారత్, చైనా సైన్యాలు 2007 నుండి అనేకమార్లు ఉగ్రవాద వ్యతిరేక విన్యాసాలు కలసి చేశాయి. సరిహద్దులో ఇరుదేశాల అధికారుల సమావేశాలు క్రమం తప్పకుండా జరిగేవి. అయినప్పటికీ 2020 జూన్ 15న గాల్వాన్ లోయలో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు అమరులైనారు. వారిలో సూర్యాపేటకు చెందిన కల్నల్ బి. సంతోష్ బాబు ఒకరు. సరిహద్దు ఎక్కడ ఉన్నదనే మౌలిక ప్రశ్న తేలనంత వరకు కరచాలనాలు, కవాతులు ఎన్ని జరిగినా ప్రమాదం పొంచి ఉంటుంది.

అయితే ఆ సైనిక సంబంధాలు పూర్తిగా వృథా అనడానికీ వీలులేదు. ఘర్షణ తరువాత సేనలు వెనక్కి తగ్గడానికి మార్గం వెతికినది ఇరుపక్షాల సైనిక కమాండర్ల చర్చలలోనే. అనేక విడతల సైనిక, దౌత్య చర్చల అనంతరం 2024 అక్టోబరులో గస్తీ విషయమై అంగీకారం కుదిరింది. వివాదాన్ని నివారించలేకపోయిన సాధనం, అది పెద్ద యుద్ధం కాకుండా ఆపడంలో ఉపయోగపడింది.

విశ్లేషణ

పై అనుభవాలను పోల్చి చూచినప్పుడు కొన్ని విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, ఆహ్వానం ఒక్కటే చాలదు. 1987లో శ్రీలంక ప్రభుత్వమూ, 1988లో మాల్దీవుల ప్రభుత్వమూ భారత సేనను ఆహ్వానించాయి. మాల్దీవులలో పని స్పష్టమైనది, గడువు చిన్నది. శ్రీలంకలో పని నానాటికీ పెరిగింది, గడువు తెలియలేదు. ఒకటి ఫలించి, మరొకటి విఫలం కావడానికి ఇది ముఖ్య కారణం.

రెండవది, ప్రభుత్వపు అంగీకారం వేరు, ప్రజల అంగీకారం వేరు. ప్రభుత్వాలు మారుతాయి. ఒక పార్టీ పిలిచిన అతిథిని మరొక పార్టీ పొమ్మనవచ్చు. అప్పుడు మర్యాదగా వెనుదిరగడం కూడా దౌత్యమే. 2024లో మాల్దీవుల నుండి వాదులాడకుండా సేనను వెనక్కి రప్పించి, విమానాలను మాత్రం ఆపకుండా నడపడం వల్ల సంబంధాలు త్వరగా చక్కబడ్డాయి.

మూడవది, చిన్న చిన్న పనులు ఎక్కువ కాలం నిలుస్తాయి. పటం గీయడం, రోగిని ఆసుపత్రికి చేర్చడం, మంచినీరు అందించడం, శిక్షణ ఇవ్వడం వంటి వాటికి పత్రికలలో చోటు తక్కువ. కాని కష్టకాలంలో రేవు తలుపులు తెరిచేవి ఇటువంటి పనులే.

చివరిగా, సైనిక దౌత్యం విదేశాంగ విధానానికి సాధనమే గాని ప్రత్యామ్నాయం కాదు. సైనికుడు స్నేహానికి బాట వేయగలడు. ఆ బాటలో ఎంత దూరం నడవాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించవలసినది పౌర ప్రభుత్వం. ఈ క్రమం తలక్రిందులైనప్పుడు ఎంతటి మూల్యం చెల్లించవలసి వస్తుందో శ్రీ జయవర్ధనపుర కోట్టెలోని భారత శాంతిదళ స్మారక చిహ్నం మీద ఉన్న పేర్లు చెబుతాయి.